ఖరీదైన ఇయర్‌ఫోన్స్ కొన్నారా? డబ్బు మళ్లీ తీసే ముందు టిప్పులు మార్చి చూడండి

ముప్పై వేలో నలభై వేలో పెట్టి ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్స్ కొని, మొదటి రోజే నిరాశపడినవాళ్లను చాలామందిని చూశాను. "బేస్ లేదు, గొంతు పల్చగా ఉంది, పాత ఐదొందల ఇయర్‌ఫోన్సే నయం" అంటారు. ఆ వెంటనే కేబుల్ మార్చాలా, పెద్ద డాక్ (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్స్‌కి వెళ్లే సంకేతంగా మార్చే పరికరం) కొనాలా అని అడుగుతారు. రెండూ ఇప్పుడే వద్దు. పెట్టెలో వచ్చిన ఇయర్‌టిప్పులన్నీ (చెవిలోకి వెళ్లే మెత్తటి తొడుగులు) బయటికి తీసి, ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చోండి.

నాకు ఈ సంగతి తెలియక రెండు నెలలు పోయాయి. జీతంలోంచి దాచుకుని కొన్న మొదటి మంచి జతలో కుడి వైపు బేస్ తక్కువగా వినపడేది. కొన్న షాపులో చూపిస్తే "ఈ మోడల్ ఇంతే సార్" అన్నారు. సగం ధరకి అమ్మేద్దామనుకున్నాను. మా బాబాయి మృదంగం వాయిస్తాడు. ఒకరోజు హైదరాబాద్ చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చినప్పుడు వాటిని చెవిలో పెట్టుకుని తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం, విన్నాడు. మృదంగంలో బేస్ పలికేది ఎడమ చేత్తోనే. "నాకు ఎడమ చెయ్యి బాగానే వినపడుతోందిరా, నీ చెవిలోనే ఏదో తేడా ఉంది" అన్నాడు. తేడా ఉన్న మాట నిజమే. నా కుడి చెవి రంధ్రం ఎడమదానికంటే కాస్త పెద్దది. కుడి వైపు పెద్ద సైజు టిప్పు వేసిన నిమిషంలో సమస్య పోయింది.

ముందు సీల్ కుదరాలి

స్పీకర్‌కి గది ఎలాగో, ఈ ఇయర్‌ఫోన్స్‌కి మీ చెవి రంధ్రం అలాగ. టిప్పుకీ కర్ణభేరికీ మధ్య మిగిలిన ఆ కాస్త గాలిని డ్రైవర్ (లోపల ధ్వని పుట్టించే బుల్లి స్పీకర్) నొక్కుతూ వదులుతూ ఉంటే మనకి బేస్ వినపడుతుంది. టిప్పు పక్కన వెంట్రుకంత సందు ఉన్నా ఆ ఒత్తిడి బయటికి జారిపోతుంది. ముందు కింది స్వరాలు పోతాయి, పైవి అలాగే ఉంటాయి. అందుకే సీల్ కుదరని, అంటే టిప్పు సందు లేకుండా చెవికి అతుక్కోని ఇయర్‌ఫోన్స్ ఎంత ఖరీదైనవైనా పల్చగా, గీరినట్టు వినిపిస్తాయి.

పెట్టుకునే పద్ధతి ఇది. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి, చెవి పైభాగాన్ని పట్టుకుని పైకీ వెనక్కీ మెల్లగా లాగండి. చెవి రంధ్రం వంపుగా ఉంటుంది, అలా లాగితే కాస్త తిన్నగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్‌ని కొంచెం తిప్పుతూ లోపలికి తోసి, చెవిని వదిలేయండి. ఫోమ్ టిప్పులైతే ముందు వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, చప్పున లోపల పెట్టి, అవి ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. చాలామంది ఐదు సెకన్లకే వదిలేస్తారు. అప్పుడు ఫోమ్ మెల్లగా ఉబ్బుతూ తనని తానే బయటికి నెట్టుకుంటుంది.

కేబుల్‌ని చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకునే మోడల్ అయితే అలాగే వేసుకోండి. కిందికి వేలాడదీస్తే కేబుల్ చొక్కాకి రాసుకున్న ప్రతిసారీ చెవిలో బరబరమంటుంది.

ఇప్పుడు సీల్ కుదిరిందో లేదో చూడండి. నేను తంబురా శ్రుతితో చూస్తాను. శ్రుతి వినిపించే యాప్ ఏదైనా ఉచితంగా దొరుకుతుంది. మగవాళ్ల శ్రుతి పెట్టి, మంద్ర షడ్జం తీగ మోగినప్పుడు వినండి. ఆ తీగ నాదం మిగతా మూడింటికీ కింద పరుపులా పరుచుకుని ఉండాలి. ఇయర్‌ఫోన్స్‌ని వేలితో కొంచెం లోపలికి నొక్కండి. నొక్కగానే ఆ తీగ పెరిగి, వదలగానే తగ్గితే సీల్ లేనట్టే. ఇంకో సైజు వేయండి. టోన్ జనరేటర్ యాప్ ఉంటే 40 హెర్ట్జ్ మోగించి కూడా చూడొచ్చు. రెండు చెవుల్లోనూ సమానంగా, నిలకడగా వినపడాలి. తర్వాత ఏదైనా నమిలినట్టు దవడ ఆడించండి. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం కూడా మారుతుంది. అప్పుడు బేస్ వచ్చిపోతుంటే ఆ టిప్పు మీకు చాలదు.

సీల్ బాగా కుదిరినప్పుడు మీ మాట మీకే గుమ్మటంలో మాట్లాడినట్టు వినపడుతుంది, నడిస్తే అడుగుల చప్పుడు తలలో మోగుతుంది. మొదట్లో ఇది ఇబ్బందిగా ఉంటుంది. అది లోపం కాదు, కుదిరిందనడానికి గుర్తు.

రెండు చెవులకీ ఒకే సైజు వేయాలన్న నియమం లేదు. ఎడమకి మీడియం, కుడికి లార్జ్ వేసుకోవడం మామూలే. పెట్టెలో వచ్చినవి ఏవీ కుదరకపోతే అప్పుడు డబ్బు తీయండి. స్పిన్‌ఫిట్, ఫైనల్ టైప్ ఈ, కంప్లై ఫోమ్ లాంటివి విడిగా అమ్ముతారు. కొత్త కేబుల్ కంటే ఇవి చాలా చవక, మార్పు మాత్రం చాలా ఎక్కువ. కొనే ముందు మీ ఇయర్‌ఫోన్ గొట్టం (టిప్పు తొడిగే మొన) మందం చూసుకోండి. ష్యూర్, ఎటిమోటిక్ గొట్టాలు బాగా సన్నం, మిగతా కంపెనీల టిప్పులు వాటి మీద వదులుగా జారిపోతాయి. ఆ టిప్పు చెవిలోనే ఉండిపోతే తీయించుకోవడానికి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

టిప్పు సైజే కాదు, టిప్పుకి ఉన్న రంధ్రం వెడల్పు, మెటీరియల్ కూడా ధ్వనిని మారుస్తాయి. మామూలుగా వెడల్పు రంధ్రం ఉన్నవి ట్రెబుల్‌ని, అంటే పై స్వరాల్ని విప్పి ఇస్తాయి, ఇరుకువి కాస్త అణుస్తాయి. ఫోమ్ బయటి చప్పుడుని బాగా ఆపుతుంది, పైస్థాయి పదునుని కొంచెం పీల్చుకుంటుంది. గాయని పాడుతుంటే 'స', 'ష', 'చ' అక్షరాలు సూదుల్లా గుచ్చుతున్నాయా? ఈక్యూ (ఒక్కో స్వరస్థాయిని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగు) జోలికి వెళ్లే ముందు ఫోమ్ వేసి చూడండి, లేదా సిలికాన్‌నే ఒక మిల్లీమీటరు లోతుగా పెట్టి చూడండి. టిప్పుకీ కర్ణభేరికీ మధ్య దూరాన్ని బట్టి లోపల ఒక స్వరస్థానం ఉబ్బుతుంది. ఇయర్‌ఫోన్స్ కొలిచే ప్రామాణిక కృత్రిమ చెవిలో అది 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. లోతుగా పెడితే అది పైకి జరుగుతుంది, పైపైన పెడితే కిందికి వస్తుంది. ఒకే మోడల్ ఒకరికి తియ్యగా, మరొకరికి కీచుగా వినిపించడానికి పెద్ద కారణం ఇదే. రివ్యూలో గీసిన గ్రాఫ్ 8 కిలోహెర్ట్జ్ దాటాక మీ చెవికి వర్తించకపోవచ్చు.

మన ఊళ్లో ఇంకో రెండు జాగ్రత్తలు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట తిరిగొచ్చిన చెవికి చెమట ఉంటుంది, సిలికాన్ జారుతుంది. పొడిగుడ్డతో చెవి తుడుచుకున్నాకే పెట్టుకోండి. తలంటు పోసుకున్న రోజు చెవిలో నూనె, నీళ్లు పూర్తిగా ఆరేదాకా అసలు పెట్టుకోవద్దు. టిప్పు జారుతుందని మాత్రమే కాదు, తడి చెవికి మూత వేస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు.

బాబాయి నేర్పిన పరీక్ష

టిప్పు కుదిరాక మీకు కంఠతా వచ్చిన రికార్డింగులు నాలుగు ఎంచుకోండి. ఆ తర్వాత ఏ మార్పు చేసినా వాటితోనే వినండి. కొత్త పాట పెట్టుకుంటే లోపం పాటదో ఇయర్‌ఫోన్స్‌దో తేలదు.

నా మొదటి రికార్డింగు మృదంగం. మృదంగానికి ఎడమ వైపు తడి రవ్వ ముద్ద అద్దుతారు, ఆ బరువుకే దాని నాదం కిందికి దిగుతుంది. ఆ నాదం ఒక గుండ్రని 'ధోం' అని మొదలై, సాగి, ఆగిపోవాలి. సాగడం వినపడకుండా ఉత్త దెబ్బే వినపడితే సీల్ చాలలేదు. దెబ్బే లేకుండా గుమ్మనే ఒక మబ్బులా ఉంటే బేస్ మరీ ఎక్కువైంది. కుడి వైపు 'నం', 'దిన్' అనేవి విడివిడిగా పలకాలి. త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో ముందు వరసల్లో కూర్చుని ఒక కచేరీ విని రండి. అసలు వాద్యం ఎలా ఉంటుందో చెవికి తెలిస్తే తప్ప ఇయర్‌ఫోన్స్ ఎలా వినిపించాలో తెలియదు.

రెండోది నాదస్వరం. ట్రెబుల్ హద్దు మీరితే ముందు అదే పట్టిస్తుంది. దగ్గర్నుంచి వింటే నాదస్వరం గట్టిగానే ఉంటుంది, కానీ గుచ్చదు.

మూడోది మోనో రికార్డింగు. ఘంటసాల పాడిన 1950ల నాటి సినిమా పాట ఏదైనా సరే. మోనోలో రెండు చెవులకీ ఒకే ధ్వని వెళుతుంది కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. అది ఒక పక్కకి ఒరిగితే, ఆ రెండో పక్క సీల్ వదులైందన్నమాట, లేదా గొట్టం చివర ఉండే జల్లెడ మూసుకుపోయిందన్నమాట. నేను ప్రతి ఆదివారం ఒక్కసారి ఇలా చూసుకుంటాను, నిమిషం కూడా పట్టదు. పాత పాటల్లో సన్నగా వినపడే 'స్స్' చప్పుడు ఆ రికార్డింగుది, మీ ఇయర్‌ఫోన్స్‌ది కాదు. కొత్త బీటు, ప్రతిధ్వని కలిపి మళ్లీ వదిలిన రూపాల్ని పరీక్షకి వాడకండి. అసలుదే వెతకండి.

నాలుగోది మీ ఇష్టం. మీరు రోజూ వినేది ఏదైనా పెట్టుకోండి.

ఫోను, డాంగిల్

ఇక్కడ పెట్టాల్సిన ఖర్చు మీరు అనుకునేదానికంటే తక్కువ. ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్స్‌కి పవర్ కొంచెమే చాలు. హెడ్‌ఫోన్ జాక్ లేని ఫోనైతే యాపిల్ వాళ్ల చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ (ఛార్జింగ్ రంధ్రానికి పెట్టి ఇయర్‌ఫోన్స్ కలుపుకునే ముక్క) శుభ్రమైన ధ్వని ఇస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని వాల్యూమ్ బాగా తక్కువగా వస్తుంది, అలాంటప్పుడు ఇంకో కంపెనీ డాంగిల్ తీసుకోండి.

డాంగిల్ కొనేటప్పుడు చూడాల్సిన అంకె అవుట్‌పుట్ ఇంపీడెన్స్. ఇంపీడెన్స్ అంటే విద్యుత్తుకి ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు. అది ఇయర్‌ఫోన్స్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్నది పాత లెక్క. మీవి 16 ఓమ్‌లైతే డాంగిల్ 2 ఓమ్‌లలోపు ఉండాలి. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం బుల్లి డ్రైవర్లు చాలా ఉన్న మోడళ్లకి ఇది ముఖ్యం. వాటి ఇంపీడెన్స్ ఒక్కో స్వరస్థాయిలో ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఎక్కువ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న పరికరానికి కలిపితే ధ్వని తీరే మారిపోతుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒకలా, ఫోనులో ఒకలా వినిపించిందంటే ఇదే అనుమానించాలి. మామూలు స్పీకర్ తరహా డైనమిక్ డ్రైవర్ ఒక్కటే ఉన్నవాటికి ఈ బెడద దాదాపు ఉండదు.

పాట ఆపినా సన్నగా 'స్స్' వినపడుతుంటే ఆ ఆంప్లిఫయర్ మీ ఇయర్‌ఫోన్స్‌కి మరీ ఎక్కువ. గెయిన్ (ఆంప్ ధ్వనిని ఎంత పెంచాలన్నది) మీట ఉంటే 'లో' మీద పెట్టండి. టేబుల్ మీద పెట్టుకునే పెద్ద ఆంప్‌కి కలిపేటప్పుడు ముందు వాల్యూమ్ సున్నాకి తేవాలి. ఇది మరిచిపోతే చెవికి దెబ్బ.

4.4 మిల్లీమీటర్ల ప్లగ్గుతో, రెండు చెవులకీ పూర్తిగా విడివిడి తీగలుండే బ్యాలెన్స్‌డ్ కేబుల్ గురించి తరచూ అడుగుతారు. దానివల్ల పవర్ పెరుగుతుంది, అంతే. పవర్ ఇప్పటికే చాలినప్పుడు ధ్వని బాగుపడదు. వెండి కేబుల్, రాగి కేబుల్ తేడా నాకు ఎప్పుడూ వినపడలేదు, కొనమని ఎవరికీ చెప్పను. కేబుల్ మార్చడానికి మంచి కారణాలు వేరే ఉన్నాయి: మెలికలు పడుతోంది, బరువుగా ఉంది, తెగిపోయింది. ప్లగ్గు దగ్గర తెగిన కేబుల్‌ని కోఠి గుజరాతీ గల్లీలో కొత్త ప్లగ్గు కొని టంకం వేయించుకోవచ్చు. ఇయర్‌ఫోన్ వైపు టూ-పిన్ ఉంటే తిన్నగా లాగి తీయాలి, వంచకూడదు. ఎంఎంసీఎక్స్ అనే గుండ్రని కనెక్టర్ అయితే మాటిమాటికీ తీసి పెడుతుంటే వదులైపోతుంది.

పాట నాణ్యత

త్వరగా చెప్పేస్తాను. ఫోను సెట్టింగుల్లో డాల్బీ అట్మాస్ లాంటి ఎఫెక్టు, 'బేస్ బూస్ట్', కంపెనీ పెట్టిన ఈక్యూ అన్నీ ఆపేయండి. స్ట్రీమింగ్ యాప్‌లో క్వాలిటీని పైకి పెట్టండి, మొబైల్ డేటాకీ వైఫైకీ విడివిడిగా సెట్టింగు ఉంటుంది, రెండూ చూడండి. యాపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి లాస్‌లెస్ (కుదించినా పాటలో ఏదీ పోని రూపం) ఉంది, కానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. నా చెవికి 320 కేబీపీఎస్‌కీ లాస్‌లెస్‌కీ తేడా చాలా పాటల్లో తెలియదు. సీడీ నాణ్యత, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ దాటాక ఇంకా పెద్ద అంకెల కోసం డేటా ఖర్చు పెట్టాల్సిన పని లేదు. మంచి రికార్డింగు, చెడ్డ రికార్డింగు మధ్య తేడా మాత్రం పక్క గదిలోవాళ్లకి కూడా తెలుస్తుంది. ఎవరో యూట్యూబ్‌లో క్యాసెట్ నుంచి ఎక్కించిన కచేరీని ఏ ఇయర్‌ఫోన్స్ బాగుచేయలేవు.

ఈక్యూ చివర్న

టిప్పులు, డాంగిల్, పాట అన్నీ కుదిరాక ఒక వారం అలాగే వినండి. కొత్త జతని రెండొందల గంటలు మోగిస్తే 'పండుతుంది' అంటారు. ఆ వారంలో ఎక్కువగా మారేది మీ చెవి అలవాటు. అది కూడా అవసరమే, అందుకే వెంటనే ఈక్యూ ముట్టుకోవద్దంటున్నాను.

వారం తర్వాత కూడా ఒకే లోపం కనిపిస్తుంటే అప్పుడు దిద్దండి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, పవర్ఆంప్ లాంటి యాప్‌లు పనికొస్తాయి. గొంతు దూరంగా, దుప్పటి కప్పినట్టు ఉంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒకటి రెండు డెసిబెల్స్ పెంచండి. 'స' గుచ్చుతుంటే 5 నుంచి 8 మధ్య మెల్లగా వెతికి తగ్గించండి. మగ గొంతు డ్రమ్ములో మాట్లాడినట్టు బరువుగా ఉంటే 200, 300 హెర్ట్జ్ దగ్గర తగ్గించండి. ఒకసారి ఒక్కటే మార్చాలి. ఏదైనా పెంచితే, ప్రీఆంప్‌ని (యాప్‌లో మొత్తం ధ్వని మట్టాన్ని) కూడా అంతే మేరకు తగ్గించండి, లేకపోతే గట్టిగా ఉన్నచోట ధ్వని పగులుతుంది.

పోల్చేటప్పుడు రెండు వైపులా వాల్యూమ్ సమానంగా ఉండేలా చూడండి. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. షాపులో రెండు మోడళ్లు పక్కపక్కన విన్నప్పుడు మోసపోయేది ఇక్కడే. వినడానికి వెళ్లేటప్పుడు మీకు కుదిరిన టిప్పులు జేబులో వేసుకుని వెళ్లండి.

మెట్రోలో

మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రైలు గుర్‌గుర్ శబ్దం అంతా కింది స్వరాల్లోనే ఉంటుంది, అది పాటలో బేస్‌ని మింగేస్తుంది. మనం వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగితే సురక్షితంగా వినగలిగే సమయం సగమవుతుంది. అందుకని ఇంట్లో, రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మీకు హాయిగా ఉన్న వాల్యూమ్ ఎన్ని గీతలో గుర్తుపెట్టుకోండి. బయట దానికి ఒకటి రెండు గీతలు మించవద్దు. అది చాలడం లేదంటే ఫోమ్ టిప్పులు వేసుకోండి, చప్పుడు లోపలికి రావడమే తగ్గుతుంది. తక్కువ వాల్యూమ్‌లో బేస్ సన్నగా అనిపించడం మన చెవి స్వభావం, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి మెల్లగా వినేవాళ్లు ఈక్యూలో 100 హెర్ట్జ్ కింద రెండు డెసిబెల్స్ కలుపుకోవచ్చు, తప్పేమీ లేదు.

సీల్ కుదిరిన ఇయర్‌ఫోన్స్‌తో హారన్ వినపడదు. అమీర్‌పేటలో రైలు దిగి మెట్లు దాటగానే తీసి పెట్టెలో పెట్టేయండి. బండి మీద అసలే వద్దు.

విన్న తర్వాత చెవిలో గుయ్‌మంటుంటే, మర్నాటికీ తగ్గకపోతే, కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో మీకు తెలిసిన డాక్టర్ దగ్గరో చూపించుకోండి. వాయిదా వేయకండి.

శుభ్రం

ఒక పక్క ధ్వని తగ్గితే ఇయర్‌ఫోన్ పాడైందని కంగారుపడకండి, ముందు గొట్టం చివర జల్లెడ చూడండి. చాలాసార్లు గులిమి అడ్డుపడి ఉంటుంది. గొట్టాన్ని కిందికి వంచి పట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో మెల్లగా రాయండి, చెత్త కిందికి రాలాలి. పైకి పట్టుకుని రాస్తే లోపలికి పోతుంది. పిన్నీసుతో పొడవద్దు. జల్లెడ చిరిగిందంటే తర్వాతి దెబ్బ డ్రైవర్‌కే. సిలికాన్ టిప్పుల్ని తీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక వేయండి. ఫోమ్‌వి కడగడానికి పనికిరావు, గట్టిపడగానే మార్చేయడమే. చెవిలోని గులిమిని మాత్రం బడ్స్‌తో మీరే తీయబోవద్దు, అది ఇంకా లోపలికి వెళుతుంది.

పెట్టుకునేటప్పుడు 'టక్' మని చిన్న చప్పుడు వస్తే భయపడకండి. లోపలి గాలి ఒత్తిడికి డ్రైవర్ పొర వంగి తిరిగి వస్తోంది. మెల్లగా, తిప్పుతూ పెట్టుకుంటే తగ్గుతుంది.

వాన పడే నెలల్లో పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. బయటి నుంచి రాగానే చెమటతో ఉన్నవాటిని పెట్టెలో మూసేయకుండా, గుడ్డతో తుడిచి, పావుగంట ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి అప్పుడు మూత పెట్టండి.